వెండి పువ్వుకు విలువ ఎంత?

మన ఇండ్లలో వెండి ముక్క లేని ఇల్లు అరుదు. బిడ్డకు మొదటి ముద్ద తినిపించిన చిన్న గిన్నె, చెంచా. పెండ్లికి మేనమామ పెట్టిన పళ్ళెము. ఆడపిల్ల కాలి పట్టీలు. ఏదో ఒకటి బీరువాలో గుడ్డ చుట్టి దాచి ఉంటుంది. మన పెద్దలు రైలు పనికో, గని పనికో, మగ్గము పనికో సొంత ఊరు విడిచి వచ్చినప్పుడు వారిలో చాలామందికి బ్యాంకు పుస్తకము లేదు. తల్లుల కాళ్ళ కడియాలే వారి బ్యాంకు. మనము స్థిరపడిన రాష్ట్రాలలో కూడా వెండి పనికి పేరుబడ్డ ఊళ్ళు ఉన్నవి. ఒడిశాలో కటకము వెండి తీగె పనికి, తమిళనాడులో సేలము, మహారాష్ట్రలో కొల్హాపూరు జిల్లా హుపరి కాలి పట్టీలకు, కర్ణాటకలో బీదరు నల్లని లోహముమీద వెండి పొదిగే పనికి ప్రసిద్ధి.

ఈ వస్తువులను కొంచెము పరికించి చూస్తే ఒక సంగతి కనబడుతుంది. ఏ నగిషీ లేని ఉత్త పాత్రలు తక్కువ. గిన్నె అంచున ద్రాక్షతీగె, మూతమీద మొగ్గ, చెంచా పిడికి ఆకు, పట్టీకి మామిడి పిందె, పతకములో నెమలి. తాను తినే పాత్రకూ, తొడిగే నగకూ దేవుడు చేసిన చెట్టును, పిట్టను తెచ్చి అతికించుకోవడము మనిషి ఏ కాలములోనూ మానలేదు. ఎందుకు? ఇందులో మంచి ఏమైనా ఉన్నదా, లేక కలిగినవారి డాంబికమేనా? సంఘములలో ఈ ప్రశ్న ఒక్కొక్కసారి నవ్వులాటగా, ఒక్కొక్కసారి తగవుగా వస్తుంది. ఎవరైనా నగిషీ వెండి పాత్ర ఒకటి కానుకగా ఇస్తే, ఉంచుదామనేవారు కొందరు, కరిగించి బీదల నిధిలో వేద్దామనేవారు కొందరు. రెండు వైపులా భక్తిపరులే. గనుక మనము దీనిని ఓపికగా విచారించడము మంచిది.

పువ్వు ఎలా తయారవుతుంది

కటకము పనినే తీసుకొందాము. ఒడియావారు దానిని తారకసి అంటారు. తెలుగునాట కరీంనగరములోనూ ఇదే జాతి పని ఉన్నది. కరీంనగరము పనికి 2007లోను, కటకము పనికి 2024లోను భౌగోళిక గుర్తింపు లభించినది.

ముందు వెండిని మూసలో కరిగిస్తారు. అది కరగడానికి 960 డిగ్రీల సెంటీగ్రేడుకు మించిన వేడి కావాలి. కరిగిన వెండిని కడ్డీగా పోసి, సుత్తితో సాగగొట్టి, కమ్మచ్చు బెజ్జాలలోనుండి లాగుతారు. కమ్మచ్చు అంటే ఒకదానికంటె ఒకటి చిన్నవౌతూ పోయే బెజ్జాలున్న ఉక్కు పలక. ఒక బెజ్జము తరువాత మరొక బెజ్జము దాటుతూ తీగె చివరకు వెంట్రుకవలె సన్నబడుతుంది. రెండు సన్నని తీగెలను కలిపి పేని, నొక్కి చదును చేస్తారు. కొంచెము లావు తీగెను వంచి ఆకు చుట్టుగీత కడతారు. ఆ గీత లోపల సన్న తీగెను శ్రావణముతో చుట్టలు చుట్టలుగా ఇముడ్చుతారు. వెలిగారము, టంకపు పొడి చల్లి మంట చూపుతారు. మంట చాలకపోతే తీగె అతకదు. ఒక్క క్షణము ఎక్కువైతే అంతవరకు పడిన పాటు కరిగి ముద్దయిపోతుంది. అతుకు కుదిరిన తరువాత కడిగి, మెరుగు పెడతారు. ఇట్లా ఒక్కొక్క ఆకు, ఒక్కొక్క రేకు వేరువేరుగా చేసి, అన్నిటిని కలిపి గిన్నెగానో, పళ్ళెముగానో, చెవి కమ్మగానో నిలబెడతారు.

ఇందులో మనము గమనించవలసినది ఒకటి ఉన్నది. ఆకును ఎన్నడూ నిదానించి చూడనివాడు ఈ పని చేయలేడు. ఈనె మొదట లావుగా ఉండి కొసకు పోయేకొద్దీ సన్నబడుతుందనీ, రేకు మొదలు ఇరుకుగా ఉండి పైకి విచ్చుకొంటుందనీ అతని వ్రేళ్ళకు తెలిసి ఉండాలి. మనము వందసార్లు పక్కనుండి నడిచిపోయిన మొక్క దగ్గర అతడు ఆగవలసి వచ్చినది.

తూనిక దగ్గర ఏమి జరుగుతుంది

ఇంత శ్రమతో చేసిన గిన్నెను పదేండ్ల తరువాత అంగడికి తీసుకొనిపోయినామనుకొందాము. షావుకారు దానిని తూచుతాడు. వన్నె చూస్తాడు. టంకము కింద కొంత తీసివేస్తాడు. మిగిలిన వెండికి ఆనాటి ధర కడతాడు. కొన్ననాడు మనమిచ్చిన మజూరీ, తరుగు లెక్కలోకి రావు. ద్రాక్షతీగెకు సున్న. మొగ్గకు సున్న. తీగె పనిలో అతుకులు ఎక్కువ గనుక కోత కూడా ఎక్కువే. ఈ లెక్క చూచినవారికి, నున్నని కడ్డీ కొని దాచుకొన్నవాడే తెలివిగలవాడనిపిస్తుంది.

షావుకారు అన్యాయము చేయలేదు. తూనికకు తెలిసినది బరువు ఒక్కటే. అయితే తూనికకు తెలియనిదంతా లేనట్టేనా? అమ్మ వండిన అన్నమును తిరిగి అమ్మలేము. ఆదివారము పాడిన కీర్తనకు సోమవారము బజారులో ధర పలకదు. రోగి మంచము పక్కన రాత్రంతా మేలుకొన్నవారికి ఎవరూ రసీదు వ్రాసి ఇవ్వరు. మన బ్రతుకులో శ్రేష్ఠమైనవి చాలావరకు కరిగిస్తే ఏమీ చేతికి రానివే. కాబట్టి తిరిగి డబ్బు రాదు గనుక పువ్వుకు విలువ లేదనే వాదము నిలువదు.

కాని అంతటితో పువ్వు గెలిచినదని కూడా అనరాదు. తిరిగి రాని ఖర్చంతా మంచి ఖర్చు కాదు. సారాకు పెట్టిన డబ్బు కూడా తిరిగి రాదు. కరిగిస్తే మిగలనిది అనే ఒక్క గుణము చూచి దేనినీ మెచ్చుకోలేము. ఇంకా లోతుగా అడగవలెను.

అంతకుముందు ఇక్కడే ఒక మాట చెప్పవలెను. చుట్టాలు వచ్చినప్పుడు ఆ గిన్నెను తీసి, ఎంత సున్నితమైన పని చూడండి అంటాము. డబ్బిచ్చేటప్పుడు మాత్రము, బరువు ఇంతే గదా, మజూరీ అంత ఎందుకు అంటాము. పొగిడేటప్పుడు పువ్వును లెక్కపెట్టి, చెల్లించేటప్పుడు లోహమునే లెక్కపెట్టడము రెండు తూనికరాళ్ళు ఉంచుకోవడమే. యాకోబు పత్రిక 5వ అధ్యాయములో కూలి బిగబట్టినవారికి ఇచ్చిన హెచ్చరిక పొలము కోసినవారి విషయములోనే గాక కుంపటి ముందు కూర్చున్నవారి విషయములో కూడా వర్తించును. అచ్చు యంత్రముమీద ఒక్క దెబ్బకు పడిన పువ్వు చౌకగా దొరుకుతుంది. కావలసినవారు దానిని కొనుక్కోవచ్చును, దోషము లేదు. అయితే దానిని చేతిపని అని చెప్పి అమ్మడము అబద్ధము. చేతిపనిని యంత్రపు ధరకు అడగడము అన్యాయము. కంసాలి కొడుకు తండ్రి పీట ఎక్కకుండా వేరే పని వెదకుకొంటున్నాడంటే అందులో మన బేరాల పాలు కూడా ఉన్నది.

సృష్టిని అనుకరించడము గర్వమా

దేవుడు నిజమైన పువ్వును ఉచితముగా ఇచ్చి ఉండగా మనిషి వెండిలో మరొకటి చేయడము గర్వము గాదా అని అడిగేవారున్నారు. ఇది తేలికగా తీసివేసే ప్రశ్న గాదు. దీనికి దూరదేశపు పనివారు ఇద్దరిని పక్కపక్కన నిలిపి చూద్దాము.

మొదటివాడు జర్మనీ దేశములో న్యూరెంబర్గు పట్టణపు వెంట్సెల్ యామ్నిట్సర్. 1508లో పుట్టి 1585లో చనిపోయినాడు. చక్రవర్తులకు వెండి సామాను చేసినవాడు. చిన్న బల్లులను, గడ్డి పరకలను, ఆకులను నిజమైనవే తీసుకొని వాటినుండి అచ్చు పట్టి, ఆ అచ్చులో వెండి పోయడము ఆయన పనిలో పేరుబడ్డ విద్య. 1549లో ఆయన చేసిన బల్లమధ్య అలంకారము దాదాపు మీటరు ఎత్తు ఉంటుంది. ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్ పట్టణములోని రైక్స్ మ్యూజియములో ఉన్నది. భూమాత రూపములో ఒక స్త్రీ, ఆమె కాళ్ళచుట్టూ గడ్డి, పురుగు పుట్ర. బల్లి తోలుమీది పొలుసు కూడా తప్పిపోలేదు. అంత అచ్చముగా ఉన్నది. కాని ఆ అచ్చముకోసము ప్రాణమున్నది ప్రాణము పోగొట్టుకొన్నది.

రెండవవాడు డెన్మార్కు దేశస్థుడు గియోర్గ్ యెన్సెన్. 1866లో పుట్టినాడు. తండ్రి కత్తుల ఫ్యాక్టరీలో పనివాడు. కంసాలి పని నేర్చి, తరువాత శిల్పము చదివి, 1904లో కోపెన్‌హేగెన్ పట్టణములో చిన్న దుకాణము పెట్టినాడు. 1905లో ఆయన చేసిన టీ పాత్ర మూతమీద మగ్నోలియా పువ్వు ఉన్నది. అందులో రేకులను లెక్కపెట్టి దించే ప్రయత్నము లేదు. పువ్వులోని నిండుదనము మాత్రము తీసుకొన్నాడు. అది మూత ఎత్తడానికి వ్రేళ్ళకు అందే పిడిగా కూడా పనికివచ్చినది. పాత్రమీద సుత్తి గుర్తులు పూర్తిగా చెరపలేదు, ఇది చేతితో చేసినదని చూపరులకు తెలుస్తుంది. నగలలో కూడా వజ్రాలకు బదులు వెండిలో చంద్రకాంతము, అంబరు వంటి తక్కువ ధర రాళ్ళు పొదిగినాడు. రాయి ధర తగ్గించి చేతి పని విలువ పెంచినాడన్నమాట.

ఇద్దరూ గొప్ప పనివారే. వారిలో ఒకరు భక్తుడనీ ఒకరు పాపియనీ మనము తీర్పు చెప్పము. అయితే ఇద్దరి పనిలో ప్రకృతిని చూచే రెండు తీరులు కనబడుతున్నవి. ఒకటి, సృష్టిని పట్టి తెచ్చుకోవడము. రెండవది, సృష్టి దగ్గర కూర్చుండి నేర్చుకోవడము. పట్టి తెచ్చుకొన్నవానికి పువ్వు తన సొత్తు అనిపిస్తుంది. నేర్చుకొన్నవానికి అది తన గురువు అనిపిస్తుంది. గర్వము వెండి పువ్వులో లేదు, ఈ మొదటి చూపులో ఉన్నది. ఆ చూపు వెండి పనివానికే గాదు, చెట్టు కొట్టి ఫ్లాటు వేసేవానికీ, చెరువు పూడ్చి ఇల్లు కట్టేవానికీ ఉండవచ్చును.

కొండమీద ప్రసంగములో ప్రభువు పొలములోని పువ్వులను చూపించి, సొలొమోను వైభవము వాటికి సరిరాదన్న సంగతి మనకందరికీ తెలుసు. రేపు పొయ్యిలోకి పోయే గడ్డినే ఆయన రాజుకంటె పైన పెట్టినాడు. వెండి పువ్వు వాడదు గనుక తోటలోని పువ్వుకంటె గొప్పదనుకోవడము ఆ బోధకు ఎదురు. వాడిపోవడము పువ్వుకు లోపము గాదు. అది వాడిపోతేనే గింజ పుడుతుంది. వెండి పువ్వు ఎన్ని యేండ్లున్నా ఒక్క గింజ ఇవ్వదు. నిజమైన పువ్వువైపు మన ముఖము త్రిప్పడమే అది చేయగల మంచి. బల్లమీది మొగ్గను చూచినవాడు పెరటిలోని మొగ్గ దగ్గర ఒక్క నిమిషము ఆగితే కంసాలి పడిన పాటు దండుగ గాదు.

వాక్యములో రెండు వైపులు

అలంకారమును వాక్యము పూర్తిగా త్రోసివేసినదని చెప్పడము కష్టము. నిర్గమకాండము 25వ అధ్యాయములో దీపవృక్షము ఎట్లు చేయవలెనో ఉన్నది. దానికి బాదము పువ్వు రూపములో కలశములు, మొగ్గలు, పువ్వులు ఉండవలెను. అవి లేకపోయినా దీపము వెలిగేదే. వెలుగుకు చాలినంత చెప్పి ఊరుకొనక పువ్వులు కూడా చెప్పబడినవి. 31వ అధ్యాయములో బెసలేలు అనే పనివానికి ఆ నేర్పు దేవుని ఆత్మవలన కలిగినదని ఉన్నది. 1 రాజులు 7వ అధ్యాయములో నీళ్ళ తొట్టి అంచు తామర పువ్వువలె ఉండెనని వ్రాయబడినది. ఆ తొట్టి నీళ్ళు పట్టడానికి పువ్వు అంచు అక్కరలేదు.

రెండవ వైపు కూడా వాక్యములోనే ఉన్నది. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయములో దేమేత్రి అనే కంసాలి అర్తెమిదేవికి వెండి గుళ్ళు చేసి జీవించేవాడు. లాభము పోతుందనే భయముతో పట్టణమంతటిని రేపినాడు. మోషే చేసిన ఇత్తడి సర్పము ఒకప్పుడు ప్రజల ప్రాణాలు నిలిపినది. జనులు దానికి ధూపము వేయడము మొదలుపెట్టినప్పుడు హిజ్కియా దానిని ముక్కలుగా కొట్టించినాడు. మోషే చేతిపని అని దానిని విడిచిపెట్టలేదు.

ఈ రెండు వైపులూ కలిపి చూస్తే, తప్పు లోహములోనూ లేదు, పువ్వులోనూ లేదు. ఆ వస్తువు మనలను ఎటు నడిపిస్తున్నది, అవసరమైననాడు దానిని వదలగలమా లేదా అన్నదే ప్రశ్న.

బీదవాని సంగతి

ఇక అన్నిటికంటె బరువైన ప్రశ్న. ఆకలిగొన్నవాడు వీధిలో ఉండగా బల్లమీద వెండి మొగ్గ ఉండవచ్చునా?

అత్తరు బుడ్డి పగులగొట్టిన స్త్రీ కథను మనము ఇక్కడ త్వరగా ఉదాహరిస్తాము. మూడువందల దేనారములు బీదలకు ఇవ్వవచ్చునే అన్నవారిని ప్రభువు ఆపినాడు. అట్లా అన్నవాడు డబ్బు సంచి మోసేవాడని యోహాను తెలియజేసినాడు. అది నిజమే. కాని ఈ కథను అడ్డము పెట్టుకొని ఖర్చులన్నిటిని సమర్థించుకోరాదు. బీదలు ఎల్లప్పుడు మీతో ఉంటారనే మాటకు మూలము ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయములో ఉన్నది. అక్కడ ఆ మాట చెప్పినది చెయ్యి ముడుచుకొనుటకు గాదు, చెయ్యి చాపుటకే. పైగా ఆ స్త్రీ అత్తరును బీరువాలో దాచుకోలేదు, అంతా పోసివేసినది.

సంఘ చరిత్రలో దీనికి స్పష్టమైన జవాబు చెప్పినవాడు మిలాను పట్టణపు అధ్యక్షుడు అంబ్రోసు. 378లో అద్రియనోపుల్ యుద్ధములో రోమా సైన్యము ఓడిపోయిన తరువాత చాలామంది బందీలుగా చిక్కినారు. వారిని విడిపించుటకు అంబ్రోసు సంఘపు పవిత్ర పాత్రలను పగులగొట్టి కరిగించి ఆ డబ్బు చెల్లించినాడు. ఆయన విరోధులు దీనిని పట్టుకొని నిందించినారు. మనుష్యుల ప్రాణములు పాత్రలకంటె విలువైనవని ఆయన జవాబు వ్రాసినాడు. ఆ పాత్రలలో మంచి పనితనము ఉండియుండును. ఎవరో పనివాడు వాటిమీద దినములు గడిపియుండును. అయినా కరిగినవి.

అంబ్రోసు ఆ పాత్రలు అందమైనవి గావని, మొదటినుండే చేయించకుండవలసినదని వాదించలేదు. అవి ఉన్నంతకాలము సంఘమునకు సేవ చేసినవి. అవసరము వచ్చిననాడు బందీల సేవకు పోయినవి. మన తల్లులు చేసినదీ ఇదే. పండుగనాడు కాళ్ళకు గలగలలాడిన కడియాలు బిడ్డ జబ్బుపడినప్పుడు, కొడుకు పరీక్ష ఫీజు కట్టవలసినప్పుడు తాకట్టుకు పోయినవి, కొన్ని తిరిగి రాలేదు. ఆ కడియాలమీది పువ్వులకు వారేమీ విలువ ఇవ్వలేదని మనము అనగలమా? అవి తెలిసే తొడిగినారు, తెలిసే తీసి ఇచ్చినారు.

బీరువాలో ఇరవై యేండ్లు తాళము వేసి ఉన్న వెండి సంగతి వేరు. దానివలన అందము ఎవరి కంటా పడదు, అన్నము ఎవరి కంచములోనూ పడదు. గాలిలోని గంధకపు వాయువులు తగిలితే వెండిమీద నల్లని పొర కడుతుంది. తరచుగా వాడి, కడిగి, తుడిచే పాత్ర తెల్లగా ఉంటుంది. దాచినది నల్లబడుతుంది. ఇది లోహము స్వభావమే గాని, కలిగినవారికి పాఠము కూడా.

మనము ఏమి చేయవలెను

కాబట్టి నగిషీ వెండి వస్తువు కొనేటప్పుడు గాని, ఉంచుకొనేటప్పుడు గాని, కానుకగా ఇచ్చేటప్పుడు గాని మనలను మనము మూడు ప్రశ్నలు అడుగుకొందాము. దీనిని చేసినవానికి న్యాయమైన కూలి ముట్టినదా? ఇది పదిమంది కూర్చున్న బల్లమీదికి వస్తున్నదా, లేక తాళము వెనుకనే ఉన్నదా? తోటివాని ప్రాణము, బిడ్డ చదువు, ఒక ఇంటివారి అప్పు తీరడము దీనిమీద ఆధారపడిననాడు దీనిని కన్నీరు లేకుండా కుంపటిలో వేయగలమా?

ఈ మూడింటికి అవునని చెప్పగలిగితే ఆ పువ్వును నిర్భయముగా ఉంచుకోవచ్చును. ఒక్కదానికైనా కాదని వస్తే వస్తువును నిందించక ముందు మన చేతిని చూచుకోవలెను. మొదటిదానికి కాదంటే వెళ్ళి బాకీ చెల్లించవలెను. రెండవదానికి కాదంటే గుడ్డ విప్పి బల్లమీద పెట్టి, ఒక అతిథిని పిలువవలెను. మూడవదానికి కాదంటే ఆ వస్తువు మనది గాదు, మనమే దాని సొత్తయినాము.

నగిషీ పాత్ర కానుకగా వచ్చిన సంఘములలో పెద్దలు ఉంచుదామా, కరిగిద్దామా అని ఒకసారే తేల్చుకోనక్కరలేదు. ఈనాడు ఉంచి, వాడి, తుడిచి, రేపు సంఘములో ఒకరికి ఆపద వస్తే కరిగించవచ్చును. ఇచ్చినవారికి కూడా ఈ సంగతి ముందుగానే చెప్పి పుచ్చుకొంటే తరువాత నొప్పి ఉండదు. మన యౌవనస్థుల కూడికలలోను, స్త్రీల సమాజములలోను దీనిని చర్చకు పెట్టుకోవలెనని మనవి.